అరకిలో పొట్లానికి అడ్డం పడుతున్న రాష్ట్రపు గీత

సంపాదకులకు నమస్కారం.

స్వయం ఉపాధి గురించి ఎవరు మాట్లాడినా అప్పు దగ్గర మొదలుపెట్టి అప్పు దగ్గరే ఆగిపోతారు. ఇంత రుణం, ఇంత సబ్సిడీ, ఇన్ని యూనిట్లు అని లెక్క చెప్పి ముగిస్తారు. ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడల్లో చిన్న వ్యాపారాన్ని పట్టి ఉంచుతున్నది అప్పు కొరత ఒక్కటే కాదు. తయారుచేసిన సరుకును ఎవరికి అమ్మాలన్నది అంతకంటే గట్టి ముడి. దాని గురించి పేపర్లలో పెద్దగా రాదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

పర్లాకిమిడిలో తయారైన సరుకుకు దగ్గరి గిరాకీ భువనేశ్వర్‌లో లేదు. మహేంద్రతనయ అవతల పాతపట్నంలో, అది దాటితే టెక్కలిలో ఉంది. రాయగడకు పార్వతీపురం, బొబ్బిలి, బరంపురానికి ఇచ్ఛాపురం అలాంటివే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీత మధ్యలో పడింది గానీ సంతలు, పెళ్ళి సంబంధాలు, నౌపడా నుంచి 1900లో పర్లాకిమిడి దాకా వేసిన రైలు దారి ఆ గీతను ఎప్పుడూ లెక్కచేయలేదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక దారిలోని చెక్‌పోస్టు గేట్లు కూడా పోయాయి. ఇక అంతా ఒకటే బజారు అనుకున్నారు. గేటు చేసే పని అప్పటినుంచి బిల్లు పుస్తకం చేస్తోంది.

ఈ ప్రాంతం నుంచి ఏం వెళుతుందో చూడండి. చింతకాయ, చోళ్ళు (రాగులు), జీడిపిక్కలు, విస్తళ్ళు కుట్టే అడ్డాకులు. అన్నీ బస్తాల్లో, కట్టల్లో పచ్చి సరుకుగానే పోతాయి. చింతకాయ బరువులో గుజ్జు సుమారు 55 శాతం, గింజ 34, మిగిలింది పెంకు, ఈనె. కాయలాగే అమ్మేస్తే దాదాపు సగం బరువు వ్యర్థానికి లారీ కిరాయి కట్టినట్టే. ఆ కిరాయి కొనేవాడు ధరలో కోసుకుంటాడు. పెంకు కొట్టి గింజ తీసే కూలి ఇక్కడే పడితే ఆ డబ్బు గురువారమో శుక్రవారమో సంతలో చీరల కొట్టుకి, కిరాణాకి, ట్యూషన్ మాస్టారికి చేరుతుంది. ఒక ప్రాంతం ఎదగడమంటే మా లెక్కలో ఇదే: పచ్చి సరుకు మీద చేసే ప్రతి అదనపు పనీ ఇక్కడే జరగడం. అలా జరగనప్పుడు గంజాం కుర్రాళ్ళు సూరత్ మరమగ్గాలకు రైలెక్కుతారు.

చిక్కు ఎక్కడుందంటే, ఆ అదనపు పని చేసిన సరుకుకే సరిహద్దు గట్టిగా తగులుతుంది. చోళ్ళ ఉదాహరణే తీసుకుందాం.

చోడిపిండిని విడిగా తూచి అమ్మితే పన్ను లేదు. 25 కిలోలకు మించిన బస్తాగా అమ్మినా లేదు. అదే పిండిని అరకిలో, కిలో పొట్లాల్లో పోసి పేరు, బరువు, ధర అచ్చువేసి అతికించారంటే ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన సరుకు కింద 5 శాతం పన్ను. అటుకులకు, మరమరాలకు కూడా ఇదే పద్ధతి. సొంత రాష్ట్రంలోనే అమ్ముకునేవారికి దీంతో ఇబ్బంది లేదు. కేవలం సరుకు అమ్మేవారికి ఒడిశాలో ఏడాదికి 40 లక్షల అమ్మకం దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ పన్ను పడే సరుకు ఒక్క పొట్లమైనా మరో రాష్ట్రానికి అమ్మితే ఆ 40 లక్షల పరిమితి వర్తించదు. జీఎస్టీ చట్టం 24వ సెక్షన్ ప్రకారం మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఇప్పుడు లెక్క వేయండి. ఒక మహిళా సంఘం ఏడాదికి 12 లక్షల రూపాయల విలువైన పొట్లాలు అమ్ముతుందనుకుందాం. 11 లక్షలు గజపతి జిల్లాలో, లక్ష పాతపట్నంలో. ఆ లక్ష కోసం రిజిస్ట్రేషన్ తీసుకుంటే పన్ను లక్షకే పడదు, 12 లక్షలకూ పడుతుంది. 5 శాతం చొప్పున దాదాపు 60 వేలు. విడి చోళ్ళకు పన్ను లేదు కాబట్టి కొనుగోలు మీద తిరిగి రాబట్టుకునే క్రెడిట్ దాదాపు ఉండదు. కవర్ల మీద, లేబుళ్ళ మీద కట్టిన పన్ను మాత్రమే వెనక్కి వస్తుంది. పక్క వీధిలో రిజిస్ట్రేషన్ లేని మరో సంఘం అదే పొట్లాన్ని పన్ను లేకుండా అమ్ముతుంటే వీళ్ళు ధర పెంచలేరు, కాబట్టి ఆ 60 వేలు లాభంలోంచే పోవాలి. లక్ష రూపాయల అమ్మకం మీద 60 వేలు పోగొట్టుకునే వ్యాపారం ఎవరూ చేయరు. అందుకే పాతపట్నం ఆర్డరు వదులుకుంటారు, లేదా పొట్లాలు మానేసి మళ్ళీ బస్తాలకు వెళతారు. దాన్ని చూసి గ్రామీణ మహిళలకు చొరవ లేదని ఉపన్యాసాలు ఇస్తుంటారు. వాళ్ళకు లెక్క వచ్చు.

ఇక్కడే చాలామంది పడే పొరపాటు ఒకటుంది. "సరుకు విలువ 50 వేల లోపే కదా, ఏ కాగితమూ అక్కర్లేదు" అంటారు. 50 వేల పరిమితి సరుకు బండెక్కేముందు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లుది, రిజిస్ట్రేషన్‌ది కాదు. 20 వేల సరుకుతో ఆటో నది దాటితే ఈ-వే బిల్లు అక్కర్లేదు, నిజమే. అమ్మకం మాత్రం అంతర్రాష్ట్ర అమ్మకమే.

రెండో దారి కాంపోజిషన్ పథకం. ఏడాది అమ్మకం కోటిన్నర లోపు ఉన్న వర్తకులు, తయారీదారులు అమ్మకం మీద 1 శాతం కట్టి, మూడు నెలలకోసారి సీఎంపీ-08 ఫారం, ఏడాదికోసారి జీఎస్టీఆర్-4 రిటర్ను వేస్తే చాలు. చిన్నవారికి ఇంతకంటే సులువైనది లేదు. కానీ ఈ పథకంలో ఉన్నవారు మరో రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. కొనవచ్చు, అమ్మకూడదు. అంటే చట్టం మనకు చెప్పకనే చెబుతున్నది ఏమంటే, విజయనగరం మిల్లు సరుకు తెచ్చి పర్లాకిమిడిలో అమ్ముకో, పర్లాకిమిడి సరుకు మాత్రం అటు పంపకు అని.

ఈ పథకంలో ఉన్న దుకాణదారులు ముఖ్యంగా తెలుసుకోవలసింది బిల్లు రాసే తీరు. అవతలి ఊరి మనిషి కొట్టుకొచ్చి సరుకు కొని చేత్తో పట్టుకుపోతే అది మన రాష్ట్రంలో జరిగిన అమ్మకమే. అయితే 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, జీఎస్టీ నంబరు లేని కొనుగోలుదారు చిరునామా బిల్లు మీద రాస్తే ఆ చిరునామా ఉన్న చోటే అమ్మకం జరిగినట్టు. చిరునామా రాయకపోతే అమ్మినవాడి ఊళ్ళో జరిగినట్టు. వీధి, ఊరు అక్కర్లేదు, బిల్లు మీద రాష్ట్రం పేరు పడితే చాలు, చిరునామా రాసినట్టే లెక్క. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొనుగోలుదారు ఫోన్ నంబరు కొడితే పాత వివరాలన్నీ తనంతట తానే తెచ్చుకుని "ఆంధ్రప్రదేశ్" అని నింపేస్తుంది. ఆ ఒక్క గడితో కొట్టు మీద జరిగిన అమ్మకం అంతర్రాష్ట్ర అమ్మకంగా మారి, కాంపోజిషన్‌కే అర్హత పోతుంది. పోయిందంటే 7 రోజుల్లో సీఎంపీ-04 ఫారం వేసి మామూలు పద్ధతికి మారాలి. తెలియక ఊరుకుంటే అప్పటినుంచి పూర్తి రేటు పన్ను, వడ్డీ, పెనాల్టీ కట్టాలి. కాంపోజిషన్ వారు ఇచ్చేది టాక్స్ ఇన్వాయిస్ కాదు, పన్ను విడిగా చూపని బిల్ ఆఫ్ సప్లై. జీఎస్టీ నంబరు లేని కొనుగోలుదారు చిరునామా దాని మీద ఉండాలన్న నియమం లేదు. కాబట్టి కొట్టు దగ్గర చేతికిచ్చే సరుకుకు ఆ గడి ఖాళీగా ఉండేలా సాఫ్ట్‌వేర్ సరిచేయించుకోవాలి. అవతలి ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చే సరుకు సంగతి వేరు. అది నిజంగానే అంతర్రాష్ట్రం, బిల్లులో గడి ఖాళీ వదిలి దాటేసే వ్యవహారం కాదు. కొనేది జీఎస్టీ ఉన్న దుకాణదారైతే నంబరులో మొదటి రెండు అంకెలు చూడండి: 21 ఒడిశా, 37 ఆంధ్రప్రదేశ్. 37 కనబడితే కాంపోజిషన్ వారు అక్కడితో ఆగాలి.

పిండిమర ఉన్నవారికి మరో మెలిక. 40 లక్షల పరిమితి కేవలం సరుకు అమ్మేవారికే. పిండి అమ్ముతూనే ఊరివాళ్ళ గింజలు కూలికి ఆడిస్తుంటే అది సేవ కిందికి వచ్చి పరిమితి 20 లక్షలకు దిగిపోతుంది. ఈ పరిమితి లెక్కలో పన్ను లేని సరుకు అమ్మకం కూడా కలుస్తుంది. 35 లక్షల రూపాయల చింతపండు, 6 లక్షల రూపాయల పొట్లాలు అమ్మినవారు ఏ గీతా దాటకపోయినా 40 లక్షలు దాటేశారు.

మరి గీత దాటినా ఇబ్బంది లేనివేవి? పూర్తిగా పన్ను లేని సరుకులు. ఎండు చింతపండు మీద, ఆకులతో చేసిన విస్తళ్ళు, దొప్పల మీద జీఎస్టీ లేదు. అవి మాత్రమే అమ్మేవారికి ఎంత అమ్మినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, వాటికి ఈ-వే బిల్లూ అక్కర్లేదు. బండిలో మాత్రం సరుకు పేరు, సరుకు రకాన్ని తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, బరువు, విలువ రాసిన కాగితం ఒకటి ఉండాలి. లేకపోతే తనిఖీవాళ్ళకు బస్తా విప్పి చూపించే పని పడుతుంది. అడ్డాకు విస్తరి కుట్టేవారు ఒకటి గమనించాలి. మిషన్ ప్రెస్ కింద అడుగున కాగితపు అట్టో ప్లాస్టిక్ పొరో అంటించిన ప్లేటుకు ఈ మినహాయింపు దానంతట అదే వస్తుందని అనుకోకూడదు. కోడ్ ఏదో ముందే తేల్చుకుని ఆర్డరు ఒప్పుకోవాలి. చింతపండును గుజ్జుగా ఉడికించి సీసాల్లో నింపినా అంతే, అది ఎండు చింతపండు కాదు.

హస్తకళలకు 2017లోనే ఊరట ఇచ్చారు. ప్రభుత్వం ప్రకటించిన జాబితాలో ఉన్న చేతిపని వస్తువులను, ఏడాది అమ్మకం 20 లక్షల లోపు ఉన్నవారు, రిజిస్ట్రేషన్ లేకుండానే వేరే రాష్ట్రానికి అమ్మవచ్చు. షరతులు రెండే: పాన్ ఉండాలి, విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు తీయాలి. పర్లాకిమిడి కొమ్ము బొమ్మల వంటివి చేసేవారు తమ వస్తువు ఆ జాబితాలో ఏ పేరుతో, ఏ కోడ్‌తో ఉందో చూసి బిల్లు మీద అదే పేరు రాయాలి. "ఫ్యాన్సీ సామాను" అని రాస్తే మినహాయింపు పోయినట్టే. సేవలకూ అదే ఏడాది 20 లక్షల దాకా అంతర్రాష్ట్ర మినహాయింపు వచ్చింది. అంటే పర్లాకిమిడి ఎలక్ట్రీషియన్ పాతపట్నంలో పని చేసుకోవచ్చు, పర్లాకిమిడి పచ్చడి మాత్రం అక్కడికి పోకూడదు!

జీడి సంగతి దీనికి భిన్నం. పలాస-కాశీబుగ్గ మిల్లులకు గంజాం, గజపతి పిక్కలు వెళ్ళడం కొత్తేమీ కాదు. ఆవిరి పట్టడం, కటింగ్, ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్, ఇన్ని పనుల్లో ఎన్ని ఇక్కడ జరుగుతాయన్నదే ప్రశ్న. చిన్న యూనిట్ పెట్టేవారికి చాలామంది ఇచ్చే సలహా "కాంపోజిషన్ తీసుకో, ఒక్క శాతమే" అని. జీడికి అది తప్పు సలహా. రైతు దగ్గర పిక్కలు కొన్న రిజిస్టర్డ్ వ్యాపారి రివర్స్ చార్జ్ (అమ్మినవారి బదులు కొన్నవారే పన్ను కట్టడం) కింద 5 శాతం తానే కట్టాలి. కాంపోజిషన్‌లో ఉన్నా కట్టాలి, పైగా వారికి అది క్రెడిట్‌గా తిరిగి రాదు. సులువు లెక్కకు, 1 టన్ను పిక్కలు కిలో 130 చొప్పున లక్షా 30 వేలు అనుకుందాం. నాలుగో వంతు పప్పు, అంటే 250 కిలోలు, కిలో 700 చొప్పున లక్షా 75 వేలు. కాంపోజిషన్ వారికి పిక్కల మీద 6,500, అమ్మకం మీద 1,750, మొత్తం 8,250 సొంత జేబు నుంచి పోతుంది. మామూలు పద్ధతిలో ఉన్నవారు పప్పు మీద 5 శాతం, అంటే 8,750 కొనేవారి దగ్గర వసూలు చేసి, అందులో కట్టేసిన 6,500 తగ్గించుకుని 2,250 కడితే సరి. గీత దాటి అమ్మే స్వేచ్ఛ కూడా ఉంటుంది. ఇబ్బంది నగదుది. పిక్కల సీజన్‌లో కట్టిన 5 శాతం పప్పు అమ్ముడయ్యేదాకా ఇరుక్కుపోతుంది. వర్కింగ్ కాపిటల్ అడిగేటప్పుడు దీన్ని లెక్కలో చేర్చనివారే సీజన్ మధ్యలో వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతారు.

యూనిట్ పెట్టే శక్తి లేనివారు అవతలి మిల్లుకు జాబ్ వర్క్, అంటే వాళ్ళ సరుకు మీద కూలికి పని, చేయవచ్చు, ఉదాహరణకు పొట్టు తీయడం, గ్రేడింగ్. 20 లక్షల లోపు కూలి వచ్చేవారికి రాష్ట్రం దాటిన జాబ్ వర్క్‌కూ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ సరుకు రాష్ట్రం దాటిన ప్రతిసారీ పంపే మిల్లు యజమాని చలానా, ఈ-వే బిల్లు తీయాలి. ఇక్కడ 50 వేల పరిమితి లేదు, 5 వేల సరుకైనా తీయాల్సిందే. "దగ్గరే కదా" అని మినీ వ్యానులో కాగితం లేకుండా పంపేవారున్నారు. దారిలో ఆపితే, సరుకు విడిపించుకోవడానికి యజమాని ముందుకొచ్చినా పన్నుకు రెండింతలు పెనాల్టీ. ఆ దెబ్బ తిన్న మిల్లు మరుసటి వారం పని పంపదు. నష్టం కూలీలది. ఈ-వే బిల్లు నంబరు చూశాకే బస్తా ఎక్కించాలని జాబ్ వర్క్ చేసేవాళ్ళే పట్టుబట్టాలి.

రిజిస్ట్రేషన్ తీసుకోవాలని నిర్ణయించుకున్నవారికి అసలు తలనొప్పి చిరునామా రుజువు. కరెంటు బిల్లు చనిపోయిన తాతగారి పేరు మీద ఉంటుంది. ఇంటిపన్ను రశీదు పెదనాన్న పేరు మీద ఉంటుంది. దరఖాస్తు వేశాక అధికారి అడిగే వివరణకు 7 పనిదినాల్లో జవాబు ఇవ్వకపోతే తిరస్కరిస్తారు. ఆ నోటీసు వచ్చేది ఈమెయిల్‌కు, ఆ ఈమెయిల్ ఉండేది దరఖాస్తు నింపిన ఇంటర్నెట్ సెంటరు కుర్రాడి దగ్గర. మీ సొంత మెయిల్, సొంత ఫోన్ నంబరు ఇవ్వండి. ఇంటి యజమాని సమ్మతి పత్రం, వారసత్వ కాగితం ముందే సిద్ధం చేసుకోండి. తర్వాత అమ్మకం లేని త్రైమాసికంలోనూ రిటర్ను వేయాలి. వేయకపోతే ఏమీ అమ్మకపోయినా రోజుకు 20, అమ్మి వేయకపోతే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము పేరుకుంటుంది.

అప్పు గురించి రెండు మాటలు. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బు అడిగినవాడికి ఇవ్వకండి. స్వయం ఉపాధి రుణం మీద కేంద్రం ఇచ్చే పీఎంఈజీపీ సబ్సిడీ చేతికి వచ్చే డబ్బు కాదు. యూనిట్ మూడేళ్ళు నడిచేదాకా బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, ఆ తర్వాతే అప్పులో సర్దుబాటవుతుంది. దాన్ని మొదటి నెలల ఖర్చుకు లెక్కవేసుకున్న యూనిట్లు ఆరో నెలకే తాళం వేస్తాయి.

ఇంటర్నెట్ అమ్మకాల గురించి కూడా గొప్పగా చెబుతున్నారు. 2023 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్ లేని చిన్నవారు ఈ-కామర్స్ సంస్థల ద్వారా సరుకు అమ్ముకోవచ్చు, అదీ ఒక రాష్ట్రం లోపలే. అంటే పర్లాకిమిడి పచ్చడి వందల కిలోమీటర్ల దూరంలోని మల్కన్‌గిరికి వెళ్ళవచ్చు, నది అవతలికి వెళ్ళకూడదు. మహారాష్ట్రలోని సిరొంచ తెలుగువారికీ ఇదే బాధ. అక్కడ ఇంకో విచిత్రం, ఇటు మహారాష్ట్రలో పరిమితి 40 లక్షలు, గోదావరి అవతల తెలంగాణలో సరుకు వ్యాపారికీ 20 లక్షలే.

కాంపోజిషన్ వారిని గీత దాటనివ్వకపోవడానికి కారణం లేకపోలేదు. జీఎస్టీ సరుకు వాడిన రాష్ట్రానికి చేరాలి, కాంపోజిషన్ పన్నులో రాష్ట్రపు వాటా అమ్మినవాడి రాష్ట్రంలోనే ఉండిపోతుంది. ఆ వాటాను రెండు రాష్ట్రాలకు పంచే ఏర్పాటు అందులో లేదు. కాబట్టి దాన్ని మార్చమని అడగడం కంటే, హస్తకళలకూ సేవలకూ ఇచ్చినదే చిన్న ఆహార తయారీదారులకూ ఇవ్వమనడం తేలిక. ఏడాది అమ్మకం 20 లక్షల లోపు, పాన్ ఉండాలి, సరుకు దాటిన ప్రతిసారీ ఈ-వే బిల్లు తీయాలి, మొత్తం అమ్మకం మీద రిజిస్ట్రేషన్ మాత్రం అక్కర్లేదు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, హస్తకళలకు ఇచ్చినట్టే జీఎస్టీ కౌన్సిల్ సిఫార్సు మీద ఒక నోటిఫికేషన్ చాలు. ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి ఒక్కో మంత్రి ఆ కౌన్సిల్‌లో సభ్యులే. రెండు వైపుల వర్తక సంఘాలు ఒకే పాఠంతో ఇద్దరికీ అర్జీ పెట్టాలి. అందులో "పన్ను తగ్గించండి" అన్న మాట ఎక్కడా రాకుండా చూసుకోవాలి. ఆ మాట కనబడగానే ఫైలు వేరే బల్ల మీదికి పోతుంది.

ఇట్లు,
చిన్న వ్యాపారుల పద్దులు చూసే ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా